ఓవర్‌లాక్ మిషను వేలం

మా అక్క మొగుణ్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయన ఇంటికొస్తే కాఫీ ఇస్తాను, బావగారూ అని నోరారా పిలుస్తాను, కూర మారు వడ్డిస్తాను. మంట మాత్రం ఎక్కడికీ పోలేదు. "ఇంకా ఆ మిషను గొడవేనా?" అని మా ఆయన విసుక్కుంటారు. అవును, ఆ మిషను గొడవే.

అప్పట్లో మేము విజయవాడలో సత్యనారాయణపురంలో రెండు గదుల వాటాలో ఉండేవాళ్లం. ముందు గదిలో కిటికీ కింద నా కుట్టుమిషను ఉండేది. జాకెట్లు, లంగాలు, చీరలకు ఫాల్సు కుట్టేదాన్ని. పెళ్లిళ్ల రోజుల్లో ఊపిరి తీసుకునే తీరిక ఉండేది కాదు. ఆషాఢం వస్తే ఈగలు తోలుకోవడమే. బడి పిల్లల యూనిఫారాలు పట్టుకోగలిగితే ఏటా ఒక ఖాయమైన పని ఉంటుందని నా ఆశ. మా వీధి చివర ప్రైవేటు స్కూలు హెడ్‌మిస్ట్రెస్ నా దగ్గరే జాకెట్లు కుట్టించుకునేది. ఒక వేసవిలో ఆవిడే అడిగింది. "లోపలి అంచులన్నీ ఓవర్‌లాక్ చేసిస్తానంటే మా పిల్లల బట్టలు నీకే ఇస్తానమ్మా. కానీ సొంత మిషను ఉండాలి. బయట చేయించుకొస్తాను, లేటవుతుంది అంటే కుదరదు. నెలాఖరుకల్లా చెప్పు" అంది.

ఓవర్‌లాక్ అంటే గుడ్డ అంచున పోగులు లేచిపోకుండా దారం అల్లే మిషను. అది లేక నేను పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. వన్ టౌన్‌లో ఒకాయన దగ్గరికి మూట మోసుకుపోయేదాన్ని. ఆ సందుల్లో తోపుడుబళ్లను, ఆటోలను తప్పించుకుంటూ చెమటలు కక్కుకుంటూ వెళితే, ఆయన నన్ను చూసీ చూడనట్టు హోల్‌సేలు వాళ్ల పనే ముందు చేసేవాడు. "కూర్చోండమ్మా" అనేవాడు, కూర్చోవడానికి అక్కడ స్టూలైనా ఉండేది కాదు. కొత్త మిషను కొందామంటే ఏడు వేల పైమాట. నా దగ్గర ఉన్నవి నాలుగు వేలు.

కంప్యూటర్లో వేలం పాటలు మన ఊళ్లోనూ తెలిసివస్తున్న రోజులవి. మా ఆయన ఆఫీసులో ఎవరో చెబితే విని, ఇంటి దగ్గర నెట్ సెంటర్లో నేనూ ఒక పేరు పెట్టుకుని చేరాను. తొందరలోనే పిచ్చి పట్టింది. మూసేసిన దుకాణం తాలూకు దారపు కండెలు పెట్టెడు సగం ధరకే దొరికాయి. కొత్తదానిలాంటి ఆవిరి ఇస్త్రీపెట్టె ఒకటి, పాడేవాళ్లు ఎవరూ లేక, నాకు నవ్వొచ్చేంత చవకగా వచ్చింది. దెబ్బా తిన్నాను. ముత్యాల బొత్తాల కోసం ఎవరితోనో పంతానికి పోయి పాడితే, కొరియర్ ఖర్చు కలుపుకుని బీసెంట్ రోడ్డు దుకాణాల ధర కంటే ఎక్కువ పడింది. పార్శిల్ విప్పి చూసుకుని నన్ను నేనే తిట్టుకున్నాను. అప్పట్నించీ ఒక నియమం పెట్టుకున్నాను. ముందే ఒక అంకె అనుకోవాలి. పాట అది దాటితే లేచి ఇంటికి రావాలి.

సరిగ్గా హెడ్‌మిస్ట్రెస్ గడువు పెట్టిన నెలలోనే తిరుపూరులో మూతపడ్డ బనియన్ల యూనిట్ వాళ్లు ఓవర్‌లాక్ మిషను ఒకటి వేలానికి పెట్టారు. ఫొటోలు పెద్దవి చేసి చూశాను. సూదులు, కత్తి, మోటారు అన్నీ శుభ్రంగా ఉన్నాయి. పాట రెండు వేల దగ్గర మొదలైంది. వారం గడువు. నా అంకె నాలుగు వేలు. మూడు రోజులైనా నాకు తప్ప ఆ మిషను ఎవరికీ అక్కర్లేకపోయింది.

ఆ సంతోషం పట్టలేక అక్కకు ఫోన్ చేసి చెప్పాను. అక్కదీ నాదీ ఒకే కుట్టు టీచరు. అమ్మ మిషను దగ్గర వంతులేసుకుని నేర్చుకున్నాం. నిజం చెప్పాలంటే అక్క చెయ్యి నాకంటే మంచిది. కంకిపాడులో పెద్ద వ్యవసాయం, ఎరువుల కొట్టు ఉన్న ఇంటికి కోడలై వెళ్లాక, "మనింటి కోడలు ఊళ్లోవాళ్ల జాకెట్లు కుట్టడం ఏంటి?" అని వాళ్ల అత్తగారు అన్నారట. మానేసింది. అడిగితే, "ఇక్కడ తీరికెక్కడిదే" అని నవ్వేసేది. ఆ రోజు మాత్రం ఫోన్లో మిషను గురించి గుచ్చి గుచ్చి అడిగింది. ఏ కంపెనీ, ఎన్ని దారాలు, ఏ సైటులో ఉంది, అన్నీ. నేను మురిసిపోయి పూసగుచ్చినట్టు చెప్పాను.

మర్నాటి నుంచి ఎవరో నా మీద పాడటం మొదలుపెట్టారు. నేను వంద పెంచితే తనూ వంద పెంచేవాడు. పొద్దున నాది పైన ఉంటే సాయంత్రానికి వాడిది. చివరి రోజు సాయంత్రం ఆరింటికి గడువు. ఐదింటికే వెళ్లి కూర్చున్నాను. నాలుగు వేలు పాడాను. నాలుగు వేల వంద అని వచ్చింది. లేచి రావాలి కదా, రాలేదు. స్కూలు పని పోతుందన్న భయంలో నా నియమాన్ని గాలికొదిలేశాను. ఐదు వేలు దాటింది. ఆరు వేల వంద దగ్గర నా పాట పైన నిలిచింది. అప్పుడు, మొదటిసారి, అవతలివాడి పేరు సరిగ్గా చూశాను. అక్షరాల చివర నాలుగు అంకెలున్నాయి. ఆ నాలుగు అంకెలు మా బంధువుల్లో తెలియనివాళ్లు లేరు. మా బావ కొత్త జీపుకు డబ్బు పోసి తెచ్చుకున్న ఫ్యాన్సీ నంబరు అది.

అక్కడికక్కడే ఫోన్ చేశాను.

"బావగారూ, ఆ కుట్టుమిషను పాట పెంచుతోంది మీరేనా?"

పగలబడి నవ్వాడు. "దొరికిపోయానే! ఏం మరదలా, భయమేసిందా? పాడు పాడు!"

"మీకు ఎందుకండీ అది? నా స్కూలు పనంతా దాని మీదే ఉంది. మీకు దణ్ణం పెడతాను, ఆపండి."

"ఆపితే సరదా ఏముంటుంది? నవమి పందిట్లో మీ నాన్నగారిని మీ మేనమామ ఎంతదాకా లాగేవాడో మర్చిపోయావా?"

ఎలా మర్చిపోతాను? మా ఊళ్లో శ్రీరామనవమి కల్యాణం అయ్యాక సీతమ్మవారి చీర వేలం వేసేవారు. బావ పాడితే బావమరిది పెంచాలి, బావమరిది పాడితే బావ పెంచాలి. పందిరంతా ఈలలు, కేకలు. ఎంత ఎక్కువకు పాడితే అంత గొప్ప. ఆ డబ్బు మళ్లీ ఏడాది పందిరికి, పానకానికి పోయేది కాబట్టి ఎవరికీ నష్టం లేదు. పాడుకున్నవాడి మెడలో దండ కూడా వేసేవారు. కానీ నా మిషను సీతమ్మవారి చీరా? ఈ డబ్బు ఏ పందిరికి పోతుంది? మొహం తెలియని తిరుపూరు ఆసామి జేబులోకి పోతుంది. ఇదంతా గుక్కతిప్పుకోకుండా చెప్పాను. ఫోన్లో ఆయన వెనక గాజుల చప్పుడైంది, ఎవరో మెల్లగా ఏదో అన్నారు. ఆయన మళ్లీ నవ్వాడు. నా కళ్లముందే తెర మీద ఇంకో వంద పెరిగింది.

నేను మౌస్ మీద నుంచి చెయ్యి తీసేశాను. ఆరయింది. మిషను ఆరు వేల రెండు వందలకు మా బావదయింది.

రెండు రోజులు చూశాను, "తీసుకోలే మరదలా" అంటాడేమోనని. మూడో రోజు పొద్దున్నే బస్సెక్కి కంకిపాడు వెళ్లాను. కొట్టు ముందు బల్ల మీద రైతులు కూర్చుని ఉన్నారు. బావ కుర్చీలో వెనక్కి వాలి పేపరు చదువుతున్నాడు.

"ఆ మిషను కొనండి. నాలుగు వేలిస్తాను, నాకివ్వండి. పైది మీ సరదా ఖర్చు" అన్నాను.

"ఎవరు కొంటారమ్మా? ఊరికే పాడాను. వాళ్లు మెయిల్ పెట్టారు, నేను చూడలేదు" అని నవ్వాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. బల్ల మీదున్న పెద్దాయన వైపు తిరిగి గట్టిగా అడిగాను. "బాబాయిగారూ, నవమి పందిట్లో పాట పాడి డబ్బు కట్టకుండా పోయినవాణ్ని మీ ఊళ్లో ఏమంటారండీ?"

ఆయనకు సంగతేమీ తెలియదు. "అట్టాంటోణ్ని మళ్లీ పందిట్లోకి రానివ్వరమ్మా" అన్నాడు.

బావ మొహం కందగడ్డలా అయింది. పేపరు మడిచి పక్కన పడేశాడు. "ఎగ్గొట్టే వంశం కాదు మాది. ఇవాళే డబ్బు పంపిస్తాను. కానీ నేను పాడుకున్న వస్తువు నా ఇంట్లోనే ఉంటుంది. నీకు మాత్రం ఇచ్చేది లేదు" అన్నాడు.

కొట్టును ఆనుకున్న ఇంటి గడపలో అక్క మజ్జిగ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. "నువ్వైనా చెప్పవే అక్కా!" అన్నాను. "ఎండనపడి వచ్చావు, ముందు ఇది తాగు" అంది. తాగలేదు. వచ్చిన బస్సులోనే తిరిగి వచ్చేశాను.

ఆ తర్వాత మా వాళ్లంతా నాకే నీతులు చెప్పారు. "సరదాకి చేశాడే, బావ కదా" అంది అమ్మ. ఆ సరదా అన్న మాట వింటే నాకు కడుపు రగిలిపోయేది. నవ్వింది వాళ్లు, ఏడ్చింది నేను. పైగా నవ్వనందుకు తప్పూ నాదే! నెలాఖరు దాటాక, వన్ టౌన్‌లో వాయిదాల మీద కొత్త మిషను తీసుకున్నాను. దుకాణదారు నా మొహంలో అవసరం చదివేసినట్టున్నాడు, రూపాయి తగ్గించలేదు. నాకూ బేరమాడే ఓపిక లేకపోయింది. మిషను ఇంటికి వచ్చేసరికి హెడ్‌మిస్ట్రెస్ పెద్ద క్లాసులన్నీ వేరే టైలరుకు ఇచ్చేసింది. నాకు నర్సరీ పిల్లల గౌన్లు మిగిలాయి.

వానలు మొదలయ్యేదాకా కంకిపాడు గడప తొక్కలేదు. అక్క పదే పదే ఫోన్ చేసి రమ్మంటే ఒక ఆదివారం వెళ్లాను. ఆ మిషను ఎరువుల బస్తాల మధ్య తుప్పు పట్టి ఉంటుందని దారంతా ఊహించుకుంటూ, దానిక్కూడా ముందే కోపం తెచ్చుకుంటూ వెళ్లాను.

చెప్పులు విప్పుతుండగానే చప్పుడు వినిపించింది. నాకు బాగా తెలిసిన చప్పుడు. పక్క గదిలో అక్క మిషను ముందు కూర్చుని ఉంది. కాళ్ల దగ్గర నీలం లంగాల గుట్ట ఉంది. ఊళ్లో బడి పిల్లలవట. గోడకానుకుని వాళ్ల అత్తగారు కళ్లజోడు పెట్టుకుని దారపు కొసలు కత్తిరిస్తున్నారు. జాకెట్లు కుట్టొద్దన్న ఆవిడే!

నా మొహం చూసి ఆవిడే సంజాయిషీ ఇచ్చారు. "అంత డబ్బు పోసి కొన్నాక ఊరికే పడేసుకుంటామా అమ్మా? రెండు వేలకి వచ్చుంటే మూల పడేసేవాళ్లమేమో."

ఆవిడ కాఫీ పెట్టడానికి లేచి వెళ్లగానే నేను అక్క మీదికి వంగాను. "ఇది నాది అక్కా. నాకు దక్కాల్సింది. నీ మొగుడి వెధవ సరదా వల్ల నా పని పోయింది."

అక్క కాలు తీసింది. మిషను ఆగింది. "ఆ రోజు నాలుగు వేల దగ్గరే ఆయన ఆపేద్దామన్నారు" అంది, నీలం గుడ్డ అంచు వేలితో సాపు చేస్తూ. "పాపం, చాల్లే, దానికి వదిలేద్దాం అన్నారు. నువ్వు ఫోన్లో బతిమాలుతున్నప్పుడూ ఆపేద్దామా అని నాకు సైగ చేశారు. ఇంకో వంద పాడమన్నది నేనే."

"నువ్వా?" అన్నాను.

"కొనిపెట్టమని అడిగితే ఈ ఇంట్లో ఎవరు కొంటారే? పంతానికైతేనే కొంటారు" అంది. మళ్లీ కాలు వేసింది. చప్పుడు మొదలైంది.

సాయంత్రం బస్టాండు దాకా బావే జీపులో దింపాడు. పాత నవ్వే నవ్వుతూ, "ఏం మరదలా, ఇంకా కోపమేనా?" అన్నాడు. ఆయన నోరు విప్పి ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది. చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేదు. పెళ్లాం పేరు బయటపెట్టకుండా ఇన్నేళ్లూ నా తిట్లు తనే తింటున్నాడు. అందుక్కూడా ఆయన మీద నాకు ఒళ్లు మండుతుంది. అక్క మీద కోపం తెచ్చుకోవడం మాత్రం నాకింకా చేతకాలేదు.