అడగడం మరిచిన ప్రోగ్రాం

నేను ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో ఉన్నప్పటి సంగతి ఇది. మా ఇల్లు భిలాయిలో, క్యాంప్ 2లో. స్టీల్ ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరైన నాన్నకి నేను మెకానికల్ వదిలి కంప్యూటర్లు తీసుకోవడం బొత్తిగా నచ్చలేదు. ఆయన మనసు మార్చాలని, సి భాషలో నేను రాసిన మొదటి ప్రోగ్రాం చూపించబోయాను. వయసు చెబితే ఎన్ని నెలలు బతికామో లెక్కకట్టే ప్రోగ్రాం అది. గొప్పకి పక్కింటి ఆంటీని కూడా పిలిచాను.

తీరా నడిపితే లాప్‌టాప్‌లో నల్లటి తెర, మిణుకుమనే గీత, అంతే. మూడుసార్లు ప్రోగ్రాం మూసి తెరిచాను.

"హ్యాంగ్ హో గయా క్యా, బేటీ?" అంది ఆంటీ జాలిగా, ఆగిపోయిందనుకుని.

నాన్న కళ్ళజోడు సర్దుకున్నారు. "నాను క్రేన్ మీద ఉన్నప్పుడు, కిందనున్నోడు చెయ్యి ఊపీదాకా అలాగే కూకునీవోణ్ణి. ఆగిపోనాదని ఎవులూ స్విచ్చి కట్టీలేదు. అదీ నీకోసమే చూస్తందేమో, ఏటైనా చెప్పు."

ఆయన వయసు అరవై రెండు కొట్టి ఎంటర్ నొక్కాను. టక్కున ఏడువందల నలభై నాలుగు నెలలని వచ్చింది. వయసు తీసుకునే స్కాన్ఎఫ్ లైను రాశాను గానీ, దానికి ముందు వయసు చెప్పమని అడిగే ప్రింట్ఎఫ్ లైను రాయనేలేదు.

అప్పటినుంచి తెర కదలకపోతే మిషన్‌ని తిట్టేముందు నా ప్రోగ్రాం చూసుకుంటున్నాను. నాన్న మాత్రం నన్ను వదల్లేదు. టీ కావాలంటే ఇప్పటికీ నోరు విప్పకుండా వంటింటి గుమ్మంలో కూర్చుంటారు. ఏం కావాలని అడిగితే, "అడిగీ లైను రాయడం మర్చిపోనానే" అంటారు.