కుడి బటన్

ఆ వీధిలో ఆమెను టైపమ్మ అంటారు. ఆసుపత్రుల్లో వైద్యులు నోటితో చెప్పి రికార్డు చేసిన స్కాన్ రిపోర్టులను హెడ్‌ఫోన్‌లో విని, ఇంట్లోనే కూర్చొని అక్షరాల్లోకి ఎక్కించడం ఆమె పని. రెండు గదుల ఇల్లు. ముందుగదిలో కిటికీ పక్కన బల్ల, బల్ల మీద కంప్యూటర్, బల్ల కింద కుట్టుమిషన్‌కు ఉండేలాంటి ఒక చిన్న పెడల్. కాలితో నొక్కితే వైద్యుడి గొంతు సాగుతుంది, వదిలితే ఆగుతుంది. మామగారు దాన్ని క్లచ్ అంటారు. ఆయన పదవీ విరమణ చేసిన సిటీ బస్సు డ్రైవరు.

ఇంట్లో కూర్చొని చేసే పనిని పనిగా ఎంచనివారే ఎక్కువ. పొరుగువారు "ఖాళీగానే ఉన్నావుగా" అంటూ లోపలికి వచ్చేస్తారు. ఆమె ఆ మాటకు నొచ్చుకోవడం మానేసి, తలుపు గడియ పెట్టుకోవడం నేర్చుకుంది. భర్తకు శీతల గిడ్డంగిలో షిఫ్టుల ఉద్యోగం. ఆమె పని ఆగిన నెల ఆ సంసారం ఒంటికాలి మీద నిలబడవలసి వస్తుంది.

ఆ బుధవారం సరిగ్గా ఆ పనికే ముప్పు వచ్చింది. రిపోర్టులు పంపే సంస్థ పాత ప్రోగ్రామ్‌ను మధ్యాహ్నం పన్నెండు గంటలకు మూసివేస్తున్నామని, ఆలోగా కొత్తదాన్ని ఎక్కించుకోనివారికి ఇక ఫైళ్ళు రావని ఆ పొద్దుటే కబురు చేసింది. ఆమె వెంటనే మొదలుపెట్టింది. సగం ఎక్కాక తెర మీద ఒకే వాక్యం నిలిచింది: తగినంత స్థలం లేదు.

ఫోటోలనూ, పాత రిపోర్టులనూ పెన్‌డ్రైవ్‌లోకి తరలించింది. అప్పటికీ చాలలేదు. ఇక లోపల మిగిలినవి కంప్యూటర్ కొన్ననాటికే అందులో కాపురం పెట్టి ఉన్నవి. ఎవరూ అడగనివి, చాలావరకు ఎవరూ తెరవనివి.

ఇంతలో సంస్థనుంచి సూపర్‌వైజర్ ఫోన్ చేసింది.

"మేడం, మీ గ్రూపులో మీ ఒక్కరిదే రాలేదు."

"చేస్తున్నానండీ. కంప్యూటర్‌లో జాగా చాలడం లేదు."

"కొత్తది తీసుకోండి మరి."

"పన్నెండులోపలా అండీ?"

"నా చేతుల్లో ఏమీ లేదు మేడం. పన్నెండుకి అదే ఆగిపోతుంది."

ఆమె ఫోన్ బోర్లించి పెట్టింది. కిటికీ దగ్గర కుర్చీలో ఉన్న మామగారు మెడ సాచి చూశారు.

"ఏంటమ్మా, మొహం అలా పెట్టుకున్నావ్?"

"కంప్యూటర్‌తో పాటు వచ్చినవన్నీ తీసేస్తున్నా మామయ్యా. లేకపోతే నా పని పోయేలా ఉంది."

"పైకి చదువు. నేనూ వింటా."

"వాతావరణం."

"కిటికీ ఉందిగా. దింపెయ్."

"వార్తలు."

"పక్కింటాయన ఉన్నాడు."

"దారి చూపించే మ్యాపు."

"సర్వీసంతా బస్సు తోలినవాడి ఇంట్లో మ్యాపా? ముందు దాన్ని దింపు."

ఆమె నవ్వింది గాని చేయి ఆపలేదు. ఒక్కొక్కదానికీ అదే తతంగం. పేరు మీద బాణం గుర్తు నిలిపి మౌస్ కుడి బటన్ నొక్కాలి. అప్పుడు కొన్ని మాటలు వరుసగా తెరుచుకుంటాయి. వాటిలో 'తీసివేయి' అన్నదాన్ని ఎడమ బటన్‌తో నొక్కాలి. నిజంగానేనా అని అది మరోసారి అడుగుతుంది. కొన్ని మారుమాట లేకుండా పోయాయి. కొన్ని మొరాయించాయి. ఒకటైతే పోయినట్టే పోయి, ఆమె కళ్ళముందే తిరిగి వచ్చి కూర్చుంది.

"ఫుట్‌బోర్డు బాపతు," అన్నారు మామగారు. "బస్సు కదలగానే మళ్ళీ ఎక్కుతాడు."

పదకొండు దాటాక ఆమె కొత్త ప్రోగ్రామ్‌ను మళ్ళీ ఎక్కించి చూసింది. ఈసారి ముప్పాతిక వంతు వెళ్ళి, అదే వాక్యం దగ్గర ఆగింది.

తీయవలసినవాటిలో ఇంకొకటి ఉంది. అన్నింటికన్నా పెద్దది. ఆమె దాని పేరు చదవలేదు. చూపును దాని మీదుగా జార్చి కింది పేరు చదివింది.

"ఒక స్టాపు దాటించావు," అన్నారు ఆయన.

"లేదే."

"అద్దంలో చూడకుండానే తెలుస్తుంది నాకు. ఏంటది? నా పేకాటేనా?"

ఆమె బాణం గుర్తును ఇంకా కిందికి జరిపింది.

కిందటి ఏడు ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. వ్యాయామం చేయించడానికి వచ్చిన అమ్మాయి ఒక రబ్బరు బంతి ఇచ్చి రోజూ పిసకమంది. బస్సును నడిపిన చేతికి ఆ పని చిన్నతనంగా తోచి, ఆయన బంతిని మంచం కిందికి దొర్లించారు. తరువాత ఒక మధ్యాహ్నం, కోడలు వంటగదిలో ఉన్న సమయంలో, కంప్యూటర్‌లోని ఒంటరి పేకాటను తెరిచారు. అప్పటినుంచి ఆమె పని ముగించి లేచీ లేవగానే ఆ కుర్చీ ఆయనదే. ఒక వరుసలోని ముక్కను ఇంకొక వరుసకు లాగిలాగి చూపుడువేలు దారికి వచ్చింది. ఆ ఆటకు ఎడమ బటన్ ఒక్కటే చాలు. కుడి బటన్ మీద ఉండవలసిన మధ్యవేలికి చలనం లేదు. వస్తే రావచ్చు, రాకనూ పోవచ్చునని ఆ అమ్మాయి చెప్పి వెళ్ళింది.

"అది తీయను మామయ్యా. ఇంకేదైనా చూస్తాను."

"ఇంకేముంది?"

తీయడానికి వీలైనవి ఇంకేమీ మిగల్లేదు.

"లే అక్కణ్ణించి. నేను తీస్తా."

"టైము లేదు మామయ్యా."

"నా ఆట, నా చేత్తోనే తీస్తా. నువ్వు తీశావనుకో, రేపు మధ్యాహ్నం నీ మీద కోపం వస్తుంది నాకు."

ఆమె లేచింది. ఆయన కూర్చొని, ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి మౌస్ మీద పెట్టుకున్నారు. బాణం గుర్తును పేకాట మీదికి తెచ్చి నొక్కారు. నొక్కింది చూపుడువేలు. ఆట తెరుచుకుంది. ఆకుపచ్చ బల్ల, దానిమీద ఒక్కొక్కటిగా పరుచుకుంటున్న ముక్కలు. ముసలి కంప్యూటర్ నత్తనడకన ఆ పనంతా పూర్తిచేసేదాకా ఇద్దరూ చూస్తూ ఉండవలసి వచ్చింది. ఆయన దాన్ని మూశారు. రెండోసారి కూడా అలవాటుపడిన వేలే ముందుకు దూకింది. మళ్ళీ అదే బల్ల, అవే ముక్కలు.

బోర్లించిన ఫోన్ బల్ల మీద వణికింది. ఆమె తీయలేదు. తాను చేయి చాపితే రెప్పపాటులో అయిపోయే పని. చేయి సగం దాకా వెళ్ళింది కూడా. ఆ చేతిని వెనక్కి తీసుకుని, రెండు చేతులూ వెనక కట్టుకుని, గోడ గడియారం వైపు చూడకుండా నిలబడింది.

ఆయన చూపుడువేలిని ఎడమచేత్తో పట్టి పైకి ఎత్తారు.

"నువ్వు కాసేపు దిగి నిలబడు," అన్నారు దానితో.

మధ్యవేలు కుడి బటన్ మీద ఊరికే పడి ఉంది. ఆయన మెడ నరాలు బిగిశాయి. ఊపిరి బిగబట్టారు. చాలాసేపు ఏమీ జరగలేదు. తరువాత చేతి వెనకవైపు, చర్మం కింద ఒక నరం దారంలా కదిలింది. వేలి కొస తెల్లబడింది. టిక్ మంది. తెర మీద మాటలు వరుసగా తెరుచుకున్నాయి.

ఆయన చూపుడువేలిని వదిలి, దానితో 'తీసివేయి' నొక్కారు. నిజంగానేనా అని అడిగింది.

"ఎన్నిసార్లు అడుగుతుందమ్మా ఇది," అని మళ్ళీ నొక్కి లేచారు. "ఎక్కు. టైమైపోతోంది."

కొత్త ప్రోగ్రామ్ సగం దాటింది. ముప్పాతిక దగ్గర కాసేపు నిలిచింది. ఆమె మునివేళ్ళతో బల్ల అంచు పట్టుకుని ఉంది. అది కదిలి, చివరిదాకా వెళ్ళింది. పన్నెండు కొట్టడానికి ఎంతో సమయం లేదు. ఫోన్ మోగగానే తీసింది.

"వచ్చింది మేడం. మీకు ఫైళ్ళు వదిలాను, చూసుకోండి."

ఆమె హెడ్‌ఫోన్ తగిలించుకుని పెడల్ మీద కాలు పెట్టింది. ఎవరో వైద్యుడు ఎవరి మోకాలి గురించో చెప్పసాగాడు. నాలుగు వాక్యాలు టైపు చేసేసరికి భుజం మీద చేయి పడింది. కాలు తీసి, హెడ్‌ఫోన్ ఒకవైపు జరిపింది.

"ఇంకేమన్నా ఉన్నాయా తీసేయడానికి?" అన్నారు మామగారు.

"ఇంకా తీస్తే ఇది అసలు లేవదు మామయ్యా."

ఆయన కుడిచేతిని ఒడిలో పెట్టుకుని వేళ్ళవైపు చూసుకున్నారు.

"అయితే ఏదో ఒకటి ఎక్కించి పెట్టు. రేపు తీస్తా."