జోడీ కుదరని లౌడ్‌స్పీకరు

ఆ రోజుల్లో మా తర్లగూడలో ఒక మనిషి గొంతు అవతలి పొలం దాకా వినపడాలంటే మా అమ్మకు కోపం రావాలి, వేరే సాధనం లేదు. బస్తర్ ఇంకా రాజుగారి రాజ్యంగా ఉన్న కాలమది. అలాంటి ఊరికి మా అన్న జగదల్‌పూర్ నుంచి బండిలో గడ్డి పరిచి బ్యాటరీతో నడుస్తూ గొంతు పెంచే ఒక వాల్వుల యాంప్లిఫయరు, ఉమ్మెత్తపువ్వులా నోరు తెరిచిన ఒక లౌడ్‌స్పీకరు తెచ్చాడు. రెండూ పాతవే, వేర్వేరు చోట్ల కొన్నవే. (ఈ అమ్మమ్మ చెప్పినట్టే గడ్డి అని రాశావా, బుజ్జీ? కోడిగుడ్లు కూడా అంత భద్రంగా రావు.)

యాంప్లిఫయరు వెనక మూడు మరలుండేవి. స్పీకరు తీగను సరైన మరకు బిగిస్తేనే గొంతు నిండుగా వస్తుందని అన్న వారం రోజులు ఒకటి విప్పి ఒకటి బిగించి చూశాడు. "ఎడ్ల జోడీ లెక్కనే, చెల్లె. కోడెను, ముసలెద్దును ఒక్క కాడికి కడ్తే ఏమైతది?" అనేవాడు. "ముసలెద్దు కూసుంటది," అనేదాన్ని. "గంతే. ఇగ స్పీకరే లేకుండ మిషను నడిపితివా, లోపలి తీగలు మాడిపోతయ్." ఎద్దు కథ అయిపోయింది కదా అని నేను ఈ రెండో మాట వినలేదు.

డేరా సినిమా నడిపే సేఠ్ ఒకాయన వచ్చి వింటానన్నాడు. నచ్చితే అన్నను తనతో ఊరూరా తీసుకుపోతాడు. అన్నకు అంతకన్నా కోరిక లేదు, నాకు అంతకన్నా భయం లేదు. నన్ను భుజానెక్కించుకుని అంగడికి తీసుకుపోయే మనిషి ఇంకెవరున్నారు?

ఆ రోజు వాకిట్లో గ్రామఫోను మీద పాట ప్లేటు తిరుగుతోంది. అన్న సేఠ్‌కు ఎదురెళ్ళాడు. నేను మెల్లగా వెనక్కి పోయి తీగ పీకేశాను. ఏమీ వినపడకపోతే సేఠ్ వెళ్ళిపోతాడు, తర్వాత మళ్ళీ పెట్టేద్దామని నా ఆలోచన. వాకిలి మూగబోయింది. వాళ్ళు వచ్చేసరికి లక్క కాలినట్టు వాసన. "లక్క అంటుకున్నదిరో!" అంటూ అమ్మ కుడితి బాన ఎత్తి మేం అమ్మకానికి దాచిన లక్కబుట్ట మీద కుమ్మరించింది. సగం సేఠ్ ధోవతి మీద పడింది.

అన్న వేలాడే తీగను చూశాడు, నన్ను చూశాడు. సేఠ్ తలెత్తేలోగా తీగను మరకు చుట్టేశాడు. "తప్పు నాదే, సేఠ్‌జీ. జోడీ తప్పు కట్టిన."

"జోడీ బనానా నై ఆతా, జోడీ కట్టుడే రాకపోతే నా డేరాలో ఏం చేస్తవ్ బేటా?" అని సేఠ్ ధోవతి పిండుకుంటూ వెళ్ళిపోయాడు.

మాడిపోయిన భాగం లాంటిది మళ్ళీ దొరకలేదు. యాంప్లిఫయరు పెట్టెలో కోడి పొదిగింది. స్పీకరుతో అమ్మ బస్తాల్లోకి వడ్లు పోసేది. అన్న ఉన్న ఊళ్ళోనే నాగలి పట్టుకుని ముసలివాడయ్యాడు. నేను కోరుకున్నదే జరిగింది.

ఆయన మంచం పట్టాక చెప్పేశాను. "అన్నా, గా తీగ పీకింది నేనే."

"ఎరుకే."

"మరేంది, ఇన్నేండ్లు అడగలే?"

"అడిగితే ఏడుస్తివి. నిన్ను ఊకోబెట్టుడు ఇంకో పని," అని నవ్వాడు.

సెలవులయ్యి మీరు తిరుగు ప్రయాణమైనప్పుడల్లా ఒక చెప్పు కనబడదు చూడు, అది నా పనే, బుజ్జీ. (ఇదీ రాసుకో.) ఇన్నేళ్ళకు ఆ మాత్రం తెలివి వచ్చింది. చెప్పయితే దాచినా మళ్ళీ దొరుకుతుంది, మాడిపోదు.