జావా మార్చిన మర్నాడు

ఆ రోజుల్లో తెర మీద ఆకుపచ్చ అక్షరాలు కనిపిస్తే చాలు, లోకంలో అన్నీ సవ్యంగా ఉన్నాయని నమ్మేసేదాన్ని. డిగ్రీ చేతికొచ్చి ఏడాది కూడా కాలేదు. మాది జనగామ. నా చదువు చూసి హైదరాబాదులో ఎవరూ పిలవకపోయేసరికి, మహబూబాబాద్‌లో నాన్నకు తెలిసిన ఒక హోల్‌సేల్ కిరాణా వ్యాపారి దగ్గర ఉద్యోగంలో చేరాను. పప్పులు, ఉప్పులు అమ్మే ఉద్యోగం కాదు లెండి. ఆయనకు పెళ్లి సంబంధాలు కుదర్చడమంటే ప్రాణం. చింతపండు కొనడానికి వచ్చినవాడు కూడా కొడుకు ఫోటో ఇవ్వకుండా దుకాణం మెట్లు దిగలేకపోయేవాడు. బజారంతా ఆయన్ని 'సంబంధాల మామ' అనేది. నేనూ మామ అనే పిలిచేదాన్ని. వారమంతా వాళ్లింట్లోనే, పై గదిలో ఉండేదాన్ని.

ఆ మామకు ఒక పెళ్లి సంబంధాల వెబ్‌సైటు ఉండేది. ఆయన అల్లుడు బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయేముందు కట్టి ఇచ్చాడు. అందరిలా దాన్ని ఎక్కడో దూరాన పెద్ద కంపెనీ కంప్యూటర్లలో పెట్టలేదు. మామ ఒప్పుకోలేదు. "మన పిల్లల ఫోటోలు పరాయోళ్ల ఇంట్ల ఎందుకు పెట్టాలె? మన కండ్ల ముందటనే ఉండాలె" అన్నాడట. అందుకని దుకాణం వెనక గదిలో, ధనియాల బస్తాల పక్కన, ఒక చెక్క బల్ల మీద నల్లటి సర్వర్ కూర్చుని ఉండేది. దానికి మామ రోజూ అగరుబత్తి తిప్పేవాడు. (పొగ పడదు మామా అని చెప్పి చూశాను. "దేవునికి పడ్తది గని దీనికి పడదా?" అన్నాడు.)

ఆ సైటు బాగోగులు చూడటమే నా పని. చేరిన కొన్నాళ్లకే నాకు తెలిసిందేమిటంటే, దాని కింద నడుస్తున్న జావా అనే సాఫ్ట్‌వేర్ బాగా పాతదని, దానికి రక్షణ మరమ్మతులు రావడం ఎప్పుడో ఆగిపోయిందని. జావా మీద అప్లికేషన్ సర్వర్ అనే ఇంకో ప్రోగ్రాము, దాని మీద మా సైటు. కింది రెండూ పాతబడితే ఎవడైనా సందు చూసుకుని లోపలికి దూరవచ్చు. ఈ సంగతి మామకు చెబితే ఆయన కాసేపు ఆలోచించి, "అంటే కిందున్న పొయ్యి మారుస్తవు, మీదున్న గిన్నె మారుస్తవు. కూర మాత్రం గదే ఉండాలె. గంతేనా?" అన్నాడు. నా డిగ్రీలో ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు. అవునన్నాను. "అయితే జర జల్ది మార్చు బిడ్డా. ఆడపిల్లల ఫోటోలున్నయ్" అన్నాడు.

అది అనుకున్నంత తేలిక కాదు. కొత్త అప్లికేషన్ సర్వర్‌కు పాత పేర్లు కొన్ని గిట్టవు. ప్రోగ్రాములో ఆ పేర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి అన్నిచోట్లా కొత్త పేర్లు పెట్టాలి. (పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవడం లాంటిదే. ఒక్క కాగితంలో మర్చిపోయినా ఏ ఆఫీసూ మనల్ని గుర్తుపట్టదు.) వారాల తరబడి పై గదిలో పాత కంప్యూటర్ మీద సాధన చేసి, ఒక శనివారం మధ్యాహ్నం, బేరాలు పలచబడ్డ వేళ, అసలు సర్వర్ ముందు కూర్చున్నాను. మామ గుమ్మంలో స్టూలు వేసుకుని, ఆపరేషన్ గది బయట ఉన్నట్టు ముఖం పెట్టుకున్నాడు.

సర్వర్ మొదలయ్యేటప్పుడు చదువుకునే సూచనలు అల్లుడు ఒకచోట రాసిపెట్టాడు. కొత్త సర్వర్‌కు కొత్తగా రాయాలి కాబట్టి, పాతవాటిలో అక్కరకొచ్చేవి ఏరి పెట్టుకున్నాను. అందులో ఒక సూచన 'సమయం ఇండియాది' అని ఉంది. నాకు నవ్వొచ్చింది. మహబూబాబాద్‌లో ధనియాల బస్తాల పక్కన కూర్చున్న యంత్రానికి, నువ్వు ఇండియాలో ఉన్నావని పనిగట్టుకుని చెప్పాలా? అల్లుడి చాదస్తం అనుకుని వదిలేశాను. ఆ మహానుభావుడు యంత్రం గడియారాన్ని లండన్ వేళకు పెట్టి, ఈ ఒక్క వాక్యంతో దాన్ని మన వేళకు తిప్పుతున్నాడని నాకేం తెలుసు?

కొత్తది లేచింది. ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. ఫోటోలు చూశాను, వెతకడం చూశాను, తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారలేదని చూశాను. అన్నీ చూశాను, గడియారం తప్ప.

"నడుస్తున్నదా బిడ్డా?"

"నడుస్తోంది మామా."

"గంతేనా? చప్పుడు గూడ కాలే" అన్నాడు మామ, కొంచెం నిరాశగా.

ఆ సాయంత్రమే నేను జనగామకు బయలుదేరాను. మర్నాడు మా పెద్దమ్మ కూతురికి, అంటే మా అక్కకు, పెళ్లిచూపులు. అబ్బాయిది భూపాలపల్లి, బొగ్గు బావిలో ఉద్యోగం. సంబంధం మా సైటులోంచే వచ్చింది. నా ఉద్యోగం మీద మా బంధువులకు గౌరవం కలగడానికి ఇంతకు మించిన అవకాశం రాదని నేను లోలోపల పొంగిపోతున్నాను. పెద్దమ్మకు మాత్రం గుబులుగా ఉంది. అప్పటికే రెండు మూడు సంబంధాలు వచ్చి వెనక్కి పోయాయి. అందరిదీ ఒకటే మాట, పిల్ల గొంతు పెద్దదని. అక్క ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేది. వెనక బెంచీ దాకా వినపడేలా చెప్పీ చెప్పీ ఇంట్లో కూడా అదే గొంతు స్థిరపడిపోయింది. ఆ రాత్రి అన్నం తింటూ అక్క తేల్చి చెప్పేసింది. "ఇదే ఆఖరు. ఇగ నన్ను ముస్తాబు చేసి ఎవ్వల ముందట కూసోబెట్టినా నేను కూసోను." పెద్దమ్మ నిండిన గ్లాసులోనే ఇంకా మజ్జిగ పోస్తోంది.

చూపులు పదకొండున్నరకు. కాబట్టి తెల్లవారగానే అక్క తలకు మైదాకు, అదే గోరింటాకు, పట్టించి, పైన పాలిథిన్ కవరు కట్టుకుంది. ఒంటి మీద వెలిసిపోయిన నైటీ, దాని మీద పెద్దనాన్న పాత చొక్కా. పెద్దనాన్న లుంగీ బనీనుల్లో ఉన్నాడు. నేను నోట్లో బ్రష్షుతో వాకిట్లో ఉన్నాను. సరిగ్గా అప్పుడే వంటింటి కిటికీలోంచి కోతి ఒకటి చెయ్యిపెట్టి, పెళ్లివారి కోసం చేసిన లడ్డూల డబ్బా ఎత్తుకుని డాబా ఎక్కింది. దాని వెనకే దాని బలగం. అక్క నిచ్చెన వేసుకుని డాబా మీదికి పోయి, లెక్కల టీచరు గొంతుతో వాటిని వరసబెట్టి తిడుతోంది.

అదిగో, అప్పుడు మా గేటు ముందు కారు ఆగింది. ఒక పెద్దాయన, ఒక పెద్దావిడ, ఒక యువకుడు దిగారు. వాళ్లు తీసిన గేటు తీసినట్టే ఉంది. వీధిలో ఇంకో కోతుల గుంపు అటే చూస్తోంది.

డాబా మీదినుంచి అక్క కేక వేసింది. "ఓ అన్నా! గేటు పెట్టున్రి! జల్ది! ఇంకిన్ని లోపటికొస్తయ్!"

ఆ యువకుడు చటుక్కున గేటు మూసి గడియ పెట్టాడు.

"గా మూలకు కట్టె ఉన్నది చూడున్రి, జర అందియ్యరా అన్నా!"

ఆయన కట్టె తీసుకుని అందివ్వడం కాదు, తానే నిచ్చెనెక్కాడు. పైన కట్టెతో రెండుసార్లు పిట్టగోడ మీద గట్టిగా కొట్టేసరికి కోతులు పక్కింటికి దూకేశాయి. డబ్బా మాత్రం కింద నీళ్ల తొట్టిలో పడింది. లడ్డూలు మునిగిపోయాయి.

"పెద్ద సాయం చేసిన్రు అన్నా. ఎవరింటికొచ్చిన్రు?" అని అడిగింది అక్క.

ఆయన ఒకసారి కింద నిలబడ్డ తల్లిదండ్రులను చూశాడు, ఒకసారి పాలిథిన్ కవరును చూశాడు. "గీ ఇంటికే. భూపాలపల్లి నుంచి. పిల్లను చూస్తానికొచ్చినం" అన్నాడు.

మైదాకు రసం ఒక చుక్క అక్క చెంప మీదుగా జారడం కిందినుంచి నాకు కనపడింది. ఇన్ని 'అన్నా'లు అన్న తరువాత (పెళ్లికొడుకును అన్నా అని పిలిచిన పిల్ల మా వంశంలో లేదు) ఇక ఏముంది, సంబంధం పోయినట్టే అనుకున్నాను. అక్క మాత్రం తొణకలేదు.

"ఇగ చూసిన్రు గద" అంది. "కూసోన్రి, తానం చేసొస్త."

పెద్దనాన్న చొక్కా కోసం లోపలికి పరుగెత్తాడు. ఆ చొక్కా అక్క ఒంటి మీదే ఉందని లోపలికి పోయాక గుర్తొచ్చినట్టుంది. పెద్దమ్మ అబ్బాయి తల్లి చెయ్యి పట్టుకుని, "పదకొండున్నరకన్నరు గద వదినా" అంది, ఏడుపు గొంతుతో. అబ్బాయి తండ్రి నొచ్చుకుంటూ ఫోను తీసి చూపించాడు. "నిన్న మెసేజ్ వచ్చిందమ్మా, పొద్దుగాల ఆరు గంటలకని. సంబంధాల సేటు మంచి ఘడియ చూసి మార్చిండేమో అనుకున్నం. ఆయన ముహూర్తానికి ఎదురు చెప్పొద్దని చీకటితోనే ఎల్లినం."

మా సైటు ఆడపిల్లవాళ్లకు చూపులు ఖాయమైన రోజే సమయం పంపేది. ప్రయాణం చేసేది మగపిల్లవాళ్లు కాబట్టి వాళ్లకు ముందురోజు సాయంత్రం మళ్లీ గుర్తుచేసేది. ఆ సాయంత్రం సందేశం పంపింది కొత్త సర్వర్. పదకొండున్నరకు, ఆరుకు తేడా ఎంతో మనసులో లెక్క కట్టాను. అయిదున్నర గంటలు. లండన్‌కూ మనకూ ఉన్న దూరం. అల్లుడి చాదస్తం గుర్తొచ్చి నా నోట్లోని బ్రష్షు కింద పడింది.

"ఎవలు పంపిన్రు గిది?" అంది పెద్దమ్మ.

"మిషన్ పంపింది పెద్దమ్మా."

"ఆ మిషన్‌ను ఎవలు చూస్తరు?"

అందరూ నా వైపు తిరిగారు. మూతికి పేస్టు నురగతో, "నేనే" అన్నాను.

వెంటనే మామకు ఫోన్ చేసి, ఇంకెవరికీ తప్పుడు వేళలు పోకుండా ముందు సర్వర్ బంద్ చేయమన్నాను. "చేసిన బిడ్డా" అన్నాడు. ఫోన్లో చూస్తే సైటు నిక్షేపంగా నడుస్తోంది. రెండోసారి అడిగితే, ఆపింది తూకం మిషన్ అని తేలింది. మూడో ప్రయత్నానికి సర్వర్ ఆగింది. ఆ పూట వేరే ఎవరి చూపులూ లేకపోవడం నా అదృష్టం.

ఫోన్ పెట్టేసి నేను లోపలికొచ్చేసరికి పెద్దావిడ వంటింట్లో పీట వేసుకుని ఉల్లిగడ్డలు కోస్తోంది. ఉప్మాకట. పట్టుచీర మంచం మీద మడత విప్పకుండా ఉంది. అక్క మామూలు డ్రెస్సులో, తడి జుట్టుతో వచ్చి అందరికీ చాయ్ ఇచ్చింది. పెద్దమ్మ ఆగలేక తానే ఆ మాట ఎత్తేసింది. "మా పిల్ల గొంతు జర పెద్దదే వదినా. దాసి పెట్టుడెందుకు, మీరు ఇన్నరు."

పెద్దావిడ కత్తి ఆపి నవ్వింది. "మంచిదే గద. మా ఇల్లు రోడ్డు పక్కన. దినమంతా బొగ్గు లారీలే. మెల్లగ మాట్లాడితే మా ఇంట్ల ఎవలకు ఇనరాదు."

పెద్దమ్మ పైట చెంగుతో కళ్లు తుడుచుకుంది. ఉల్లిగడ్డల వల్ల అనుకుంటే అనుకోవచ్చు.

అబ్బాయి, అక్క పెరట్లో నిలబడి మాట్లాడుకున్నారు. (వంటింటి కిటికీ పక్కన కొత్తిమీర తెంపే బాధ్యత నేను తీసుకున్నాను. ఎవరూ చెప్పలేదు.) అక్క సూటిగా అడిగింది. "నన్నట్ల చూస్తే ఏమనిపియ్యలేదా?"

"ఏమనిపిస్తది? షిఫ్టు దిగి బావి బయటికొచ్చినంక నేనెట్లుంటనో చూస్తే మీరే జడుసుకుంటరు" అన్నాడాయన. "ఒక్కటే అడుగుత. ఇగనైతే అన్నా అనద్దు" అన్నాడు.

అక్క నవ్వు వీధి చివరి దాకా వినపడి ఉంటుంది.

పదకొండున్నరకు మామ ఇస్త్రీ ధోవతిలో, చేతిలో పూలు, పండ్లతో దిగాడు. అప్పటికి పెద్దాయన చీకటి ప్రయాణం బడలికకు పెద్దనాన్న మంచం మీద గుర్రు పెడుతున్నాడు. ఆడవాళ్లిద్దరూ పెళ్లి ఏ నెలలో అని తర్కించుకుంటున్నారు. "ఏందిది? నేను రాకముందే అయిపోయిందా?" అని మామ చిన్నబుచ్చుకున్నాడు. ఎన్నో చూపులు జరిపించిన మనిషికి, తాను లేకుండా కుదిరిన సంబంధం మింగుడు పడలేదు. తిరుగు ప్రయాణంలో చాలాసేపు ఆలోచించి, "అందరికీ ఆరు గంటలకే పెడితే ఎట్లుంటది బిడ్డా?" అన్నాడు. వద్దు మామా అని బతిమాలి, సోమవారం దుకాణం తెరవగానే ఆ ఒక్క వాక్యాన్ని దాని చోట దాన్ని పెట్టేశాను.

చాలా ఏళ్లు గడిచాయి. అక్కకు ఇద్దరు పిల్లలు. ఇద్దరివీ పెద్ద గొంతులే. నేనిప్పుడు హైదరాబాదులో ఇవే పనులు ఇంకా పెద్ద యంత్రాలకు చేస్తున్నాను. నాకు అర్థంకాని వాక్యం ఎక్కడ కనిపించినా, రాసినవాళ్లను కనుక్కునేదాకా దాన్ని తీయను. జాగ్రత్తగల మనిషినని పేరు కూడా వచ్చింది. అయినా ఒక్కోసారి ఆ శనివారం సాయంత్రం మహబూబాబాద్ నుంచి రైల్లో వచ్చిన అమ్మాయి గుర్తొస్తుంది. కిటికీ పక్కన కూర్చుని, కాగితంలో మిర్చి బజ్జీలు తింటూ, పొయ్యీ గిన్నే మార్చేశాను, ఎవరికీ తెలియను కూడా తెలియలేదు అని తనలో తాను మురిసిపోతోంది. ఆ పక్క సీట్లో కూర్చుని ఒక మాట చెప్పగలిగే వీలుంటే చెబుతానా అని ఆలోచిస్తాను. చెప్పను. ఆ పిల్ల దిగిపోయి గడియారం సరిచేసి వస్తే, మర్నాడు పదకొండున్నరకు మా అక్క పట్టుచీర కట్టుకుని, తల వంచుకుని, గొంతు తగ్గించుకుని మాట్లాడి ఉండేది. తిననీ, హాయిగా బజ్జీలు తిననీ.