ఎండకు వెలిసిన ఎరుపు

జనగామలో నేను వంటకు కుదిరిన ఇంట్లో ముగ్గురం ఉండేవాళ్ళం: సారు, నేను, కారు. సారు పుట్టిన తేదీ ఆయన్ని బడిలో చేర్చిన రోజు అయ్యవారికి తోచింది. నాకు రేషన్ కార్డులో ఒక వయసు, ఓటరు కార్డులో ఇంకో వయసు. సరైన పుట్టుక కాగితం ఉన్నది కారుకొక్కదానికే.

ఆ కాగితాన్ని సారు జర్మనీకి ఉత్తరాలు రాసి తెప్పించుకున్నారు. ఏ రోజు తయారైంది, ఇంజను మీద ఏ నంబరు కొట్టారు, సీట్లకు ఏ తోలు వేశారు, ఒంటికి ఏ రంగు పూశారు, అన్నీ అందులో ఉన్నాయట. దానికి గాజు పటం కట్టించి దేవుళ్ళ పక్కన పెట్టారు. పొద్దున్నే నేను అందరినీ ఒకే గుడ్డతో తుడిచేదాన్ని.

సారుది కోస్తా. వయసులో ఉండగా భూపాలపల్లి బొగ్గు గనులకు ఇంజనీరుగా వచ్చారు. భార్య పోయాక, ఉద్యోగం అయిపోయాక, జనగామలో చిన్న ఇల్లు, దానికంటే కాస్త పెద్ద షెడ్డు కట్టుకున్నారు. నాది మరిపెడ దగ్గర ఊరు. నా మనిషి చనిపోయిన ఏడాదే ఆ ఇంట్లో పనికి చేరాను.

కారు కథ ఆయన ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. ఢిల్లీలో ఒక విదేశీ రాయబారి తెప్పించుకున్నాడు. పోతూ పోతూ అమ్మేశాడు. హైదరాబాదులో ఒక పెద్దింటివాళ్ళు కొని నాలుగేళ్ళు తిప్పారు. వాళ్ళ దగ్గర్నుంచి భూపాలపల్లి కాంట్రాక్టరు ఒకాయన మోజుపడి తెచ్చుకున్నాడు. ఆ రోడ్ల మీద దాని కడుపు నేలకు తగిలేది. వారం నడిపి, వేపచెట్టు పక్కన ఎండలో నిలబెట్టి, జీపు కొనుక్కున్నాడు. సారు కొని ఇంజను బాగుచేయించుకునేదాకా అక్కడ అది పన్నెండేళ్ళు నిలబడింది. బొగ్గు దుమ్ము పడింది. మేకలు పైకెక్కి వేపాకు అందుకునేవి. జర్మనీవాళ్ళు దాన్ని ఎంత వేగానికి తయారు చేశారో సారు చెబుతుంటే, మేకల ఎత్తుకు కూడా బాగానే కుదిరిందే అనుకునేదాన్ని.

పేరు కథ ఇంకొకటి. ఆ రకం కారుకు మొదట మూడంకెల పేరు పెట్టారట, మధ్యలో సున్నా. ఫ్రాన్సులో ఇంకో కంపెనీ వచ్చి, మధ్యలో సున్నా ఉన్న పేర్లన్నీ మావే అన్నదట. వీళ్ళు సున్నా తీసి ఒకటి పెట్టుకున్నారు.

"సున్న కోసం గూడ కొట్లాడుకున్నరా సారు?"

"కొట్లాడుకోలేదమ్మా. మర్యాదగా మార్చుకున్నారు."

పేరు సంగతి మర్యాదగా తేలడం మా దిక్కున అప్పటికి ఎవరూ చూసి ఉండలేదు.

కారును ముట్టుకోవడానికి సారు నాకు పెట్టిన నియమాలు తడిబట్టల మడి కంటే ఎక్కువ. తడిగుడ్డ పెట్టకూడదు. రుద్దకూడదు. మెత్తటి పొడిగుడ్డతో దుమ్ము మాత్రం దులపాలి.

"ఇది కంపెనీవాళ్ళు పూసిన మొదటి పూత. మళ్ళీ రంగు వేయించిన కార్లు దొరుకుతాయి. వేయించనిది దొరకదు."

"మా దిక్కు ట్రాక్టరుకు ఏటా దసరాకు రంగేస్తరు సారు."

"అందుకే అది ట్రాక్టరు."

నలభై ఏళ్ళు ఒళ్ళు రుద్దుకోని మనిషిని ఏమంటారో నాకు తెలుసు. కారును మాత్రం అపురూపం అంటారని ఆ ఇంట్లోనే తెలిసింది. మేకల గిట్టల గీతలను కూడా ఆయన చరిత్ర అనేవారు.

పుట్టుక కాగితంలో దాని రంగు ఎరుపు. పన్నెండేళ్ళ ఎండకు వెలిసి వెలిసి, నేను చూసేనాటికి గులాబీ అయింది. ముదురు గులాబీ కాదు, ఉతికి ఉతికి ఆరేసిన రవిక రంగు.

అలాంటి రోజుల్లో ఉద్యమం మళ్ళీ రాజుకుంది. జనగామలో ప్రతి మెడలో గులాబీ కండువా, ప్రతి స్తంభానికి గులాబీ జెండా. సారుకు భయం పట్టుకుంది. గేటు మీద ఇంటిపేరున్న పలక తీసి లోపల పెట్టారు. నోరు తెరిస్తే ఊరు తెలిసిపోతుందని, కూరగాయల బండి దగ్గర వేలితో చూపించడం మొదలుపెట్టారు. వంకాయలు చూపిస్తే ఒక్కోసారి టమాటాలు వచ్చేవి. అవే వండేదాన్ని.

ఆయన్ని ఎవరూ ఒక్క మాట అనలేదని చెప్పాలి. అనకపోవడమే ఆయనకు ఎక్కువ అనుమానం.

ఒక రోజు నేను షెడ్డు తలుపులు తెరిచి ఊడుస్తుండగా డిగ్రీ కాలేజీ పిల్లల ఊరేగింపు మా వీధిలోకి వచ్చింది. ముందు నడిచే పొడుగు పిల్లవాడు, వాళ్ళ లీడరు, లోపలికి చూసి ఆగిపోయాడు.

"ఓ అవ్వా, గీ కారు ఎవలది?"

"మా సారుది బిడ్డా."

"గులాబి రంగు ఎప్పుడేపిచ్చిండు?"

"ఎప్పుడేపియ్యలే. నేను వచ్చినకాన్నుంచి గట్లనే ఉన్నది."

అతను వెనక్కి తిరిగి అందరికీ చెప్పాడు. "ఇన్నరా? మనకు సోయి రాకముందే సారుకు సోయొచ్చింది."

సారు కిటికీ వెనక నిలబడి అంతా విన్నారు. బయటికి వచ్చి, అది వెలిసిపోయిన ఎరుపు నాయనా అని చెప్పవచ్చు. బయటికైతే వచ్చారు. నమస్కారం పెట్టారు. ఎరుపు మాట ఎత్తలేదు.

ఆ తర్వాత రెండేళ్ళు ఆయన వైభవం చూడాలి. బంద్ రోజున బస్సు లేదు, ఆటో లేదు. రఘునాథపల్లి దగ్గర రోడ్డుకు అడ్డంగా మొద్దులు వేసి, పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తుంటే కలెక్టరు బండి కూడా ఆగేది. సారు కారు కనిపిస్తే మొద్దులు పక్కకు జరిగేవి. ఏళ్ళ తరబడి షెడ్డు దాటించని మనిషి, బంద్ వస్తే చాలు, స్టేషన్ ఘన్‌పూర్ దాకా పోయి టీ తాగి వచ్చేవారు. ఉద్యమంలో ఆయన చేసిన పని హారను కొట్టడం.

నేను అక్షరాలు నేర్చుకున్నదీ ఆ రోజుల్లోనే. సంఘం ఆడవాళ్ళకు సాయంత్రం బడి పెట్టారు. పలక మీద దిద్దింది తక్కువ, గోడల మీద చదివింది ఎక్కువ. రాత లేని గోడ జనగామలో అప్పుడు లేదు. పిల్లల బళ్ళు నెలకు సగం రోజులు మూతపడేవి. నా బడికి సెలవే ఉండేది కాదు.

అలా ఉండగా సారుకు హైదరాబాదు నుంచి ఫోను వచ్చింది. పాత కార్లు సేకరించేవాళ్ళు అక్కడ ఒక గుంపుగా ఉన్నారట. మళ్ళీ రంగు పడని కార్లకు వాళ్ళ దగ్గర వేరే పుస్తకం ఉందట. అందులో చేర్చుకోమని సారు ఆరేళ్ళుగా అడుగుతున్నారు. వాళ్ళలో పెద్దాయన వచ్చే ఆదివారం స్వయంగా వచ్చి చూస్తానన్నాడు. మొదటి పూత నిలిచి ఉందని ఆయన ఒప్పుకుంటే పుస్తకంలో పేరు. లేకపోతే లేదు.

ఆ సాయంత్రమే పొడుగు పిల్లవాడు నలుగురితో వచ్చాడు. శుక్రవారం మహబూబాబాద్‌లో సభ. జనగామ నుంచి ఊరేగింపు పోతుంది. ముందు సారు కారు నడవాలి.

"మీరే నడపాలె సారు. మా పెద్దలీడరు పైన నిలవడతడు. నలుగురు ముందు మూత మీద కూసుంటరు. ఊరు దాటేదాంక డప్పులోళ్ళు పక్కపొంటి నడుస్తరు."

"పైన అంటే?" అన్నారు సారు.

"పైన్నే సారు. టాపు మీద."

సారు నవ్వు మొహంతో సరే అన్నారు. వాళ్ళు పోయాక రక్తపోటు మాత్ర వేసుకుని పడుకున్నారు. మేక గిట్ట గీత చరిత్ర, మనిషి చెప్పు గీత నష్టం. రంగు పొట్టులా లేస్తుందని, ఆదివారం వచ్చే పెద్దమనిషికి ఏం చూపించాలని, రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

"వద్దని చెప్పరాదున్రి సారు."

"నువ్వు వద్దంటే వద్దు అని వినబడుతుందమ్మా. నేనంటే ఇంకోలా వినబడుతుంది."

"మరి అది ఎర్రదని చెప్పున్రి."

"రెండేళ్ళ తర్వాతా?"

అదీ నిజమే. రెండేళ్ళు తాగిన టీలకు జవాబు చెప్పాలి.

నాకు ఒక సంగతి తెలుసు, సారుకు తెలియదు. అంతకు కొన్ని నెలల ముందు కారు వెనక మూత మీద కాకి రెట్ట వేసింది. పొడిగుడ్డకు రాలేదు. ఎవరూ చూడకుండా కొంగు తడిపి గట్టిగా రుద్దాను. కొంగుకు ఎర్రటి మరక అంటింది. రుద్దిన చోట బొటనవేలంత ఎరుపు మెరిసింది, కొత్తగా ఎండబెట్టిన మిరపపండులా. ఉద్యోగం పోతుందని దాని మీద దుమ్ము చల్లి ఊరుకున్నాను.

గురువారం మధ్యాహ్నం సారు కునుకు తీస్తుంటే షెడ్డులోకి పోయాను. ఎర్ర కారు మీద గులాబీ లీడరు ఎందుకు ఎక్కుతాడు, అది నా ఆలోచన. మొదట చింతపండు అనుకున్నాను, ఇత్తడికి బాగా పనిచేస్తుంది కదా అని. ఎందుకో చేయి రాలేదు. తెల్ల పళ్ళపొడిలో కొబ్బరినూనె కలిపి, పాత లుంగీ ముక్కతో ముందు మూత రుద్దాను. గంటలో లుంగీ ఎర్రబడింది, మూత ఎర్రబడింది. తలెత్తి చూస్తే గుమ్మంలో సారు.

ఆయన తిట్టలేదు. అక్కడున్న పెట్రోలు డబ్బా బోర్లించి దాని మీద కూర్చున్నారు.

"రంగు మొత్తం గుడ్డలోకి తీశావు" అన్నారు.

"కింద ఇంకా ఉన్నది సారు."

"ఎంతుంది?"

నేను లుంగీ ముక్క వెనక్కి పెట్టుకున్నాను.

అప్పుడే మైకు ఎక్కడ కట్టాలో కొలుచుకోవడానికి పిల్లలు వచ్చారు. ముందు మూత ఎర్రగా, మిగతాది గులాబీగా ఉన్న కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు.

"గిదేంది సారు. పొద్దుగాల్ల గులాబి, పొద్దుమీకి ఎరుపు. మన ఎమ్మెల్యేలు గూడ గింత జల్ది మారలే" అన్నాడు ఒకడు.

ఇంకొకడు, ఎర్రజెండా సంఘంవాడు, మూత మీద చేయి పెట్టాడు. "నాకైతే మంచిగనే కనవడుతుంది. ఎల్లుండి మా మీటింగుకు పంపున్రి సారు."

"చెయ్యి తియ్యి బాబూ" అన్నారు సారు. ఆ ఇంట్లో ఆయన గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. తర్వాత మొత్తం చెప్పేశారు, తన కోస్తా మాటలోనే. అది ఏ పార్టీ రంగూ కాదని, ఎండకు వెలిసిన ఎరుపని, తన ఊరు ఫలానా అని, ఆదివారం ఒక పెద్దమనిషి వస్తున్నాడని, దాని మీద ఎవరైనా కాలు పెడితే తాను చూడలేనని.

పొడుగు పిల్లవాడు తల గోక్కున్నాడు.

"మీ ఊరు మాకు ఎరికనే సారు. మీరు కూరగాయలకాడ ఏలు చూపెట్టుడు ఊరంత ఎరికనే. గీ ముక్క మొన్ననే అంటే అయిపోతుండె. సారును అడుగకపోతే మనసుల పెట్టుకుంటడని అడిగినం. మా పెద్దలీడరు గూడ గా టాపు మీద నిలవడుడు కష్టమే అన్నడు, జారుతదట. ట్రాక్టరు ఉన్నది మాకు."

టీ ఇస్తే తాగి పోయారు. సారు సాయంత్రం దాకా ఆ డబ్బా మీదే కూర్చున్నారు. రెండేళ్ళుగా మోసిన రహస్యం ఊళ్ళో అందరికీ తెలిసిందేనని వినడం ఏ మనిషికైనా కష్టమే.

ఆదివారం హైదరాబాదు పెద్దాయన వచ్చాడు. పుట్టుక కాగితం చూశాడు, ఇంజను నంబరు చూశాడు. జేబులోంచి చిన్న యంత్రం తీసి, డాక్టరు గుండె చూసినట్లు, కారంతా ఆనించి చూశాడు. రంగు మందం చెప్పే యంత్రమట. మూత దగ్గర రెండుసార్లు ఆనించాడు.

"మొదటి పూతే. దీని మీద ఇంకోటి పడలేదు" అన్నాడు. తర్వాత అడిగాడు. "ఇక్కడ ఎవరు రుద్దారు?"

సారు నా వైపు చూశారు. నేనే అన్నాను. దేనితో అని అడిగితే చెప్పాను.

ఆయన నవ్వలేదు. "విదేశాల్లో ఈ పనికి చిన్న చిన్న డబ్బాలు అమ్ముతారు. మిగతాదీ ఈమెతోనే చేయించండి. ఇన్నేళ్ళూ ఎందుకు వదిలేశారు?"

"మీరే కదండీ, ముట్టుకోవద్దని రాశారు."

"మళ్ళీ రంగు వేయించవద్దని రాశాం. స్నానం చేయించవద్దని కాదు."

పుస్తకంలో పేరు ఎక్కింది. నాలుగు మధ్యాహ్నాలు నేను రుద్దాను. సారు పక్కనే కుర్చీ వేసుకుని, అక్కడ నెమ్మదిగా, ఇక్కడ ఇంకాస్త అంటూ, ముందు నుంచీ తనకు తెలిసినట్లే చెప్పారు. కారు మొత్తం ఎర్రబడింది. మేకల గీతలు మాత్రం పోలేదు.

ఆ తర్వాత వచ్చిన బంద్‌కు సారు అలవాటుగా టీకి బయలుదేరారు. రఘునాథపల్లి దగ్గర మొద్దులు జరగలేదు. ఎర్ర కారును అక్కడ ఎవరూ పోల్చుకోలేదు. దిగమన్నారు. దిగారు. రెండేళ్ళుగా ఆ పొయ్యిల పక్కనుంచి హారను కొట్టుకుంటూ పోయిన మనిషిని రోడ్డు మీద బంతిలో కూర్చోబెట్టి విస్తరి వేశారు. పొద్దు వాలాక వదిలారు.

ఇంటికి వచ్చినప్పుడు చొక్కా మీద పసుపు మరక ఉంది.

"పప్పులో ఉప్పు ఎక్కువైంది" అన్నారు.

"అనాల్సింది సారు."

"అన్నాను. ఎక్కువైతే చారు పోసుకో అన్నారు."

పొద్దున షెడ్డులోకి పోతే ముందు మూత మీద గుండ్రటి మచ్చ కనిపించింది. వేడి గిన్నె పెట్టిన మచ్చ. ఎవరో అన్నం దించి, చోటు చూసుకుని, అక్కడ పెట్టారు. చిన్న గిన్నెలో పళ్ళపొడి, నూనె కలిపి తెచ్చుకుని సారును పిలిచాను. ఆయన వచ్చి, వంగి, చాలాసేపు చూశారు.

"దీన్ని రుద్దకు. ఇక్కడ రంగు పలచబడుతుంది" అన్నారు.

ఆ మూతను నేను నా చేతులతో రుద్దాను. రంగు ఎక్కడ పలచనో, ఎక్కడ కాదో నాకు తెలుసు. సరే సారు అని పళ్ళపొడి గిన్నె లోపలికి తీసుకుపోయాను.