దిష్టిబొమ్మలో నా మొహం

మా బామ్మర్ది జమ్మలమడుగు నుంచి ఫోన్ చేసి, "బావా, నువ్వు మా వీధిలో కొత్త మేడకు వేలాడతాండావు, శానా బాగుండావు" అన్నాడు. నన్ను ఏడిపించడం వాడికి అలవాటే అని పెట్టేశాను. పది నిమిషాల్లో ఫోటో పంపాడు. దిష్టిబొమ్మ. కొమ్ములు, కోరలు, చాచిన ఎర్రటి నాలుక. వాటి మధ్య ఎడమ కనుబొమ్మ పైకెత్తి, ముక్కు పక్కన పులిపిరితో ఉన్నది అచ్చం నేనే. మా ఆవిడ చూసి, "నాలుక కూడా కుదిరింది" అంది. ప్రొద్దుటూరులో ముప్ఫై ఏళ్ళు డ్రాయింగ్ మాస్టరుగా చేసినవాణ్ణి. ఆదివారం ఆ మేడ గృహప్రవేశానికి మా చుట్టాల్లో సగం మంది వస్తున్నారు. ఆలోపు ఆ బొమ్మ దిగకపోతే నేనిక తలెత్తుకు తిరగలేను.

శుక్రవారం పొద్దున ఏడుంబావుకు బస్సెక్కి, ఎనిమిదికి జమ్మలమడుగులో దిగాను. బస్టాండు ఎదురుగా బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జి నలభై రూపాయలు. బజ్జి కారానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ, అటు వెళ్ళేవాళ్ళు వదలొద్దు. తర్వాత మేడ దగ్గరికి వెళ్ళాను. మేస్త్రీ తాపీ కింద పెట్టి, బొమ్మను ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు.

"మామా, ఈ బొమ్మ మీ అన్నదా?" అన్నాడు.

బొమ్మ అడుగున చిన్న అక్షరాలతో 'మస్తాన్, పులివెందుల' అని ఉంది. ఆ పేరుగలవాడు నాకు గుర్తు లేడు.

తొమ్మిదిన్నర బస్సులో ముద్దనూరు మీదుగా పులివెందులకు వెళ్ళాను. పక్క సీటు అరటికాయల వ్యాపారిని అడిగితే మస్తాన్ షెడ్డు ఎక్కడుందో చెప్పాడు. "ఆయప్ప బొమ్మ కడితే కుక్కలు గూడా ఆ గడప తొక్కవప్పా" అన్నాడు. ఆ పొగడ్తలో నాకూ వాటా ఉందని చెప్పుకోలేకపోయాను.

పదకొండున్నరకు షెడ్డు చేరాను. గోడకు ఆనించి పద్నాలుగు మంది నేను! కొందరికి రంగు ఇంకా ఆరలేదు. నలభై దాటిన మనిషి ఒకడు నన్ను చూడగానే లేచి, కుంచె వీపు వెనక దాచుకున్నాడు.

"సార్, నేను మస్తాన్‌ని. ఏడో తరగతిలో మీ దగ్గర చదివినా."

"ఇదేంది మస్తాన్?" అన్నాను.

"కావాలని పెట్టలేదు సార్. ఒకపారి చార్టులో చిలకను చూసి గీయమంటిరి. నేను ఆవలించే చిలకను గీసినా. మా ఇంట్లో చిలక అట్లే ఆవలిస్తాండె. మీరు దాన్ని చించి, చార్టులో ఉండేది ఉండేట్టు పదిసార్లు గీయించినారు. ఆ పొద్దు మీ మొగం చూసినా." కుంచెను ముందుకు తెచ్చుకున్నాడు. "భయపెట్టే మొగం గీయాలంటే నా చెయ్యి ఇంక యాడికీ పోదు సార్."

నాకు ఆ చిలక గుర్తు రాలేదు. అట్లాంటివి ఎన్ని చించానో. సిగ్గేసింది, దాంతోపాటు కోపమూ వచ్చింది. ఇంకో మొహం గీయమని పట్టుబట్టాను. గీశాడు. గుండ్రటి మొహం, పిల్లి మీసాలు. నేను ఊపిరి పీల్చుకునేలోగా ఎడమ కనుబొమ్మ దానంతటదే లేచింది.

అప్పుడే వేంపల్లె నుంచి ఒకామె బొమ్మ కొనడానికి వచ్చింది. ఒకటి ఎంచుకుని, "శానా బాగుందప్పా. ఈ సారును కూచోబెట్టి గీసినావా?" అంది.

మస్తాన్ తల గోక్కుని, కొత్త బూడిద గుమ్మడికాయ ఒకటి నా ముందు పెట్టి, కుంచె అందించాడు. "మీరే ఒకటి గీయండి సార్. దాన్నే చూసి గీస్తా."

"చార్టు యాడ?" అన్నాను.

"చార్టు ల్యా సార్."

అరగంట గీశాను. కోరలు పెట్టాను, కళ్ళు పెద్దవి చేశాను, కానీ ఎంత పెద్దవి చేస్తే అంత బిక్కచచ్చిపోయింది ఆ మొహం.

"దీన్ని కడితే దీనికే దిష్టి తీయాల్సి వస్తాది" అంది వేంపల్లె ఆమె.

మస్తాన్ మాత్రం నవ్వలేదు. కాసేపు చూసి, "ఇది ఏ చార్టులోదీ కాదు సార్, మీదే" అన్నాడు. జమ్మలమడుగు సంగతి చెబితే, ఆ బొమ్మను రేపే దించుతానన్నాడు.

"ఉండనీలే. ఇన్నేళ్ళు పిల్లల్ని భయపెట్టినా. ఆ ఇంటికైనా కాపలా ఉంటా" అన్నాను.

మూడు గంటలకు వేంపల్లె మీదుగా ప్రొద్దుటూరు పోయే బస్సు దొరికింది. ఆమె కూడా అందులోనే ఎక్కి నా పక్కన కూర్చుంది. ఆమె ఒడిలో నేను, నా ఒడిలో గుమ్మడికాయ. ముప్ఫై ఏళ్ళలో కొన్ని వేల బొమ్మలు దిద్దాను. చార్టు లేకుండా నేను గీసింది ఇదొక్కటే. నవ్వొచ్చింది.

ఆమె వంగి నా బొమ్మను చాలాసేపు చూసింది. "పాపం, ఎవురిని చూసి జడుసుకుంటాంది సార్ ఇది?"

"నీ ఒడిలో ఉన్నాయన్ను చూసి తల్లీ" అన్నాను.

ఆమె తన బొమ్మను మెల్లగా కిటికీ వైపు తిప్పి పెట్టుకుంది.