ముప్ఫై దాటలేదు

పోయిన నెల ఉప్పల్ సిగ్నల్ దగ్గర నా కుడికాలు బ్రేకు కోసం గాలిలో వెతుక్కుంది. ముందున్న ఆటో ఉన్నట్టుండి ఆగింది. నేను అలవాటుగా కాలు ముందుకు చాపాను. అక్కడ ఏమీ లేదు. చేతి బ్రేకు గుర్తొచ్చింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆటో వెనక రాసిన ‘అమ్మ దీవెన’ నా ముఖాన అచ్చుపడేది. ఏళ్ల తరబడి క్రూజర్ నడిపినవాడు మొదటిసారి స్పోర్ట్స్ బైక్ ఎక్కితే జరిగేది ఇదే. క్రూజర్ మీద కాళ్లు ముందుకు చాపి, పడక కుర్చీలో పేపరు చదివే పెద్దమనిషిలా కూర్చుంటాం. స్పోర్ట్స్ బైక్ మీద కాళ్లు వెనక్కి మడిచి, నడుము వంచి, బరువంతా మణికట్ల మీద మోపాలి. టెస్ట్ రైడ్ కోసం నా వెనక ఎక్కిన షోరూం ఆయన నా భుజం గట్టిగా పట్టుకుని, బ్రేకు వెనక ఉంటుంది సార్ అని మర్యాదగా గుర్తుచేశాడు. నాకు కోపం ఎక్కువని ఇంట్లో పేరుంది, కాదనను. కానీ అప్పుడు నాకు వచ్చిన కోపం ఆయన మీద కాదు, ఆటో మీద కూడా కాదు. పక్కనే స్కూటర్ మీద ఉన్న ఒక పెద్దాయన నన్నూ బండినీ కింది నుంచి పైదాకా చూసి, తల అడ్డంగా ఊపాడు. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న బండి అది. ఆగి ఉన్న బండి ఎంత స్పీడులో పోతుందని? ఆ తల ఊపడం నాకు బాగా తెలుసు. మా బావను చూసి కాలనీ అంతా అలాగే ఊపేది.

బావ అంటే మా అక్క భర్త. చిల్కానగర్‌లో ఇల్లు, మల్లాపూర్‌లో డైలు, అంటే ఇనప అచ్చులు, తయారుచేసే చిన్న షెడ్డులో పని. ఆ పక్క సందులోనే అట్టపెట్టెల కంపెనీలో నేను. ఆయనకు ఒక ఎర్ర స్పోర్ట్స్ బైక్ ఉండేది. పెళ్లికి ముందు కొనుక్కున్నది కాబట్టి, అక్కకన్నా ముందే ఇంట్లో చేరిన సవతి అని అమ్మ ఎగతాళి చేసేది. ఆదివారం పొద్దున చిరిగిన బనీను ముక్కతో దాన్ని తుడుస్తుంటే సబ్బు నురగ వాసన, చైనుకు పూసే నూనె వాసన, లోపల అక్క వేయిస్తున్న ఎండుచేపల వాసన వాకిలంతా కలగలిసిపోయేవి. అంత తళతళలాడే బండిని ఆయన నడిపే తీరు చూస్తే ఏడుపొచ్చేది. కుక్క అడ్డమొస్తే ఆగి, అది గోక్కోవడం అయిపోయేదాకా ఓపిగ్గా చూసి, అప్పుడు కదిలేవాడు. నీకెందుకు బావా ఈ బండి, ఎద్దులబండి కొనుక్కోరాదా అంటే, మంచిగ కనవడితె సాలదా, ఉరకాల్నా అని అడిగేవాడు.

సాయంత్రం షిఫ్ట్ అయ్యాక ఇద్దరం కలిసే ఇంటికి వచ్చేవాళ్లం, ఆయన ముందు, నేను క్రూజర్ మీద వెనక. ఓపిక నశించినప్పుడు ఆయన్ని దాటేసి, ఎనభై మీద పోయి, టీకొట్టు దగ్గర ఆగి ఎదురుచూసేవాణ్ని. నాచారం రోడ్డు మీద పోలీసులు ఎప్పుడు నిలబడినా ఆపేది మాత్రం ఆయన్నే. లైసెన్స్ తియ్, కాగితాలు తియ్, ఏం రేసులా అని నిలదీసేవాళ్లు. ఎనభైలో వచ్చిన నన్ను పొండి సార్ అని చెయ్యి ఊపి పంపేవాళ్లు. దీని మర్మం నాకు చాలా రోజులకు గానీ అర్థం కాలేదు. వెనక్కి వాలి కూర్చున్నవాడు ఎంత వేగంగా పోయినా నిదానంగా పోతున్నట్టే ఉంటాడు. ముందుకు వంగి కూర్చున్నవాడు నిలబడి ఉన్నా ఉరుకుతున్నట్టే ఉంటాడు. జనం మీటరు చూడరు, నడుము చూస్తారు. అప్పట్లో ఇది మాకు నవ్వులాటగానే ఉండేది.

ఒక వానాకాలం సాయంత్రం ఆ నవ్వులాట అయిపోయింది. నాచారం నుంచి ఉప్పల్ వచ్చే దారిలో ఎవరో పైపు కోసం రోడ్డు తవ్వి వదిలేశారు. ఎవరని అడక్కండి, ఆ తర్వాత నేను తిరిగిన ఆఫీసుల్లో మాదే అని ఒప్పుకున్నవాడు ఒక్కడూ లేడు. బారికేడ్ లేదు, ఎర్రగుడ్డ లేదు, కనీసం ఒక చెట్టుకొమ్మ విరిచి అందులో గుచ్చలేదు. వాన నీళ్లు నిండి గుంత రోడ్డుతో సమానమైంది. నేను బావ వెనకే ఉన్నాను. వాన కాబట్టి దాటే ప్రయత్నం కూడా చెయ్యలేదు, నా మీటరు ముప్ఫై దగ్గర ఉంది. ముందు ఆయన చక్రం నీళ్లలోకి పోయింది, తర్వాత ఆయన పోయాడు, బండి కుడికాలి మీద పడింది. నేను ఆయన్ని ఆ బురదలోంచి లాగుతుంటే చుట్టూ చేరినవాళ్లలో ఎవరో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. “గీ బండ్లు గిట్లనే పానాలు దీస్తయ్.”

దవాఖానాకు చుట్టాలు వరసగా వచ్చారు. బత్తాయిలు తెచ్చారు, బ్రెడ్డు తెచ్చారు, కొబ్బరిబోండాలు తెచ్చారు, వాటితోపాటు తీర్పు కూడా తెచ్చారు. అంత స్పీడు ఎందుకు, పెళ్లాం పిల్లలు గుర్తురాలేదా, ఆ బండి కొన్ననాడే అనుకున్నాం. కాలికి బరువు కట్టి పడుకోబెట్టిన మనిషి ముందు నిలబడి అన్న మాటలివి. నేను వెనకే ఉన్నానని, ముప్ఫై దాటలేదని ప్రతి ఒక్కరికీ చెప్పాను. ముప్ఫైలో పోతే కాలిరుగుతుందారా అని మా పెదనాన్న నవ్వాడు. గుంత చూపిస్తాను రమ్మని ఆయన్ని వెంటబెట్టుకుని పోయాను. అప్పటికే దాన్ని పూడ్చేసి, చదును చేసి, పైన కంకర కూడా చల్లారు. వారం తిరగలేదు. ఫ్లైఓవర్ కోసం లేపిన పిల్లర్లను ఏళ్ల తరబడి మొండిగా వదిలేసిన చోట ఆ ఒక్క గుంతకు మాత్రం అంత తొందరొచ్చింది. ఏదిరా నీ గుంత అని పెదనాన్న అడిగాడు. ఆ కంకర మీద నిలబడి నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయడం కుదరదు.

బండిని ఎవరికో తెగనమ్మేశారు. బావ కాలిలో రాడ్ వేశారు, నడకలో కుంటు మిగిలింది, హ్యాండిల్ మళ్లీ పట్టలేదు. అక్క స్కూటీ నేర్చుకుంది. ఆమె నడిపే వేగానికి వెనక కూర్చున్న బావ కళ్లు మూసుకుని ఆంజనేయ దండకం చదువుకుంటాడు. ఆమెను మాత్రం ఎవరూ ఏమీ అనరు, నిటారుగా కూర్చుంటుంది కదా. పెళ్లిళ్లలో, పేరంటాల్లో పిల్లలకు బుద్ధి చెప్పాల్సి వస్తే మాత్రం బావనే చూపించేవాళ్లు. సూడు, స్పీడ్ల పోతే గట్లయితది అని. ఆయన తల వంచుకుని అన్నం కలుపుకునేవాడు. నేను విస్తరి ముందు నుంచి లేచిపోయిన సందర్భాలు ఉన్నాయి.

టెస్ట్ రైడ్ అయిన ఆదివారం అక్క వాళ్లింటికి పోయాను. క్రూజర్ ముసలిదైపోయింది, ఈసారి స్పోర్ట్స్ బైక్ తీసుకుంటున్నానని చెప్పాను. అక్క టీ గ్లాసు నా ముందు పెట్టి, బావ వైపు చూసింది. బావ కాలు నిమురుకున్నాడు.

“వద్దు బామ్మర్ది,” అన్నాడు. “నేను స్పీడ్ల వోయి కాలు ఇరగ్గొట్టుకున్న. నువ్వన్న మంచిగుండు.”

నాకు మొదట అర్థం కాలేదు. “ఎంత స్పీడ్ బావా? నీ ఎనకనే ఉంటి గదా నేను.”

“ఏమో మరి. గిన్నేండ్ల సంది అందరు గదే అంటున్రు. గంతమంది అబద్ధమాడ్తరా?”

అంతకుముందు నేను పడ్డ కోపాలన్నీ ఆ క్షణం ముందు ఉత్తవి. వాళ్లు ఆయన బండి తీసుకున్నారు, నడక తీసుకున్నారు, చివరికి ఆయన తన కళ్లతో చూసినదాన్ని కూడా తీసుకున్నారు. అందరూ కలిసి, ప్రేమగా, పండ్లు తెచ్చి మరీ తీసుకున్నారు. టీ తాగకుండానే వచ్చేశాను.

మర్నాడే షోరూంకి పోయాను. కోపంతో కొన్నానని మా ఆవిడ అంటుంది. పోయింది కోపంతోనే గానీ, ఎంచుకున్నది బుద్ధితోనే. అక్కడ ఒక పెద్ద ఇంజన్ బండి ఉంది, ఉప్పల్ ట్రాఫిక్‌లో దాని వేడికి తొడలు అప్పడాల్లా వేగుతాయి. సగం స్పోర్ట్స్ లాంటిది ఇంకొకటి ఉంది, హ్యాండిల్ ఎత్తుగా ఉంటుంది, నా నడుముకు అదే మంచిదని షోరూం ఆయన నచ్చజెప్పాడు. నిజమే, కానీ దాని మీద కూర్చుంటే ఎవరూ తల ఊపరు. నేను మూడోది తీసుకున్నాను. చిన్న ఇంజన్, కాళ్లు నేలకు ఆనేంత ఎత్తు, తడిలో గట్టిగా పట్టినా చక్రం జారకుండా కాసే బ్రేకులు, నడుము వంచక తప్పని హ్యాండిల్. రంగు ఎరుపు.

బండి ఇచ్చే రోజు పొద్దున్నే క్రూజర్‌ను అక్క వాళ్ల గేటు ముందు పెట్టి ఆటోలో షోరూంకి పోయాను. నిమ్మకాయలు తొక్కించి, కొత్త బండిని తిన్నగా అక్కడికే తెచ్చాను. ఒక్కసారి ఊరికే కూర్చో బావా అన్నాను. వద్దు వద్దంటూనే వచ్చాడు. కుంటికాలు కష్టంగా అటు వేసి కూర్చోగానే రెండు కాళ్లూ చూడకుండానే వెనక్కి పోయి వాటి చోటు దొరికించుకున్నాయి. నా కాలికి దొరకని చోటు అది. అక్క తాళంచెవి లాక్కుంటుందని అనుకున్నాను. ఆమె లోపలికి పోయి హెల్మెట్ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

ఆయన ముందు, నేను క్రూజర్ మీద వెనక. నాచారం రోడ్డు దాకా పోయి, గుంత ఉండిన చోట కాసేపు ఆగి, తిరిగి వచ్చాం. దారి పొడుగునా నేను నా మీటరు చూస్తూనే ఉన్నాను. కాలనీ మొదట్లో కిరాణా కొట్టు అరుగు మీద కూర్చున్న, ఈమధ్యే అద్దెకు దిగిన పెద్దమనిషి చెయ్యెత్తి బావను ఆపాడు, నన్ను కాదు. “గీ ఈడుల గంత స్పీడ్ ఎందుకు నాయనా, జర మెల్లగ పో.”

నేను నోరు తెరిచేలోపు బావ హెల్మెట్ తీసి నా వైపు తిరిగాడు. “ఎంతల ఒచ్చిన బామ్మర్ది?”

“ముప్ఫై దాటలే బావా.”

“ఆ దినం?”

“ఆ దినం గూడ గింతే.”

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. బావకు కోపమొస్తే మొదట చెవులు ఎర్రబడతాయని పెళ్లైన కొత్తలో అక్క చెప్పేది. నేను చూడటం అదే మొదలు. స్టాండు వేసి, కుంటుకుంటూ అరుగు దాకా నడిచి, ఆ పెద్దమనిషి ముందు నిలబడ్డాడు.

“నేను ముప్ఫై దాటలే కాకా,” అన్నాడు. “ఆ దినం గూడ దాటలే.”

ఏ దినమో ఆయనకేం తెలుసు పాపం, సరే బిడ్డా అన్నాడు. ఆ గుంతను పూడ్చడానికి వాళ్లకు వారం కూడా పట్టలేదు. మా బావ అందులోంచి బయటికి రావడానికి ఇన్నేళ్లు పట్టింది.